అత్తరుకు బదులుగా అమ్మ ఇచ్చిన మాట

మొన్న ఒక దుకాణంలో ఊద్ అత్తరు వాసన తగలగానే సౌదీలోని ఖమీస్ ముషైత్ ఊరు గుర్తొచ్చింది. అక్కడి ఆసుపత్రిలో అమ్మ నర్సు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు.

ఒకరోజు అమ్మ చిన్న అత్తరు సీసా తెచ్చింది.

"మా వార్డులో ముసలామె ఇచ్చిందే. బదులుగా నా దగ్గర మాట తీసుకుంది."

"ఏం మాట?"

"నీకెందుకే? ఎవరికీ చెప్పనని ఒట్టేశాను."

కానుక పుచ్చుకుని, ఏమడిగినా ఇస్తానని ఒట్టేసిన ఒక గుర్రపు వీరుడి కథ ఆ వారమే బడిలో టీచర్ చెప్పింది. అతను చివరికి కన్నకూతుర్నే ఇచ్చేయాల్సి వచ్చింది. ఈ ముసలామె ఒకసారి నేను వార్డుకి వెళ్ళినప్పుడు నా జడ నిమిరి తెగ మురిసిపోయింది కూడా.

మర్నాడు అమ్మ వెంట ఆసుపత్రికి వెళ్ళి, దాచి తెచ్చిన సీసాని ఆమె మంచం మీద పెట్టాను. "మా అమ్మ మాట వెనక్కిచ్చేయండి" అన్నాను. తెలుగు రాని ఆమె నవ్వి నా చేతిలో ఖర్జూరం పెట్టింది. నేను తినలేదు.

తర్వాతి వారం, సెలవు రోజైనా, అమ్మ యూనిఫాం వేసుకుని ఆమె దగ్గరికి వెళ్ళింది. నన్ను తీసుకుపోవడానికి ఎవరొస్తారోనని సాయంత్రందాకా తలుపు గొళ్ళెం పట్టుకుని కూర్చున్నాను.

ఎన్నో ఏళ్ళకి, ఆమె పోయిందని తెలిశాక, అమ్మ చెప్పింది. ఆ సెలవు రోజే ముసలామెకి ఆపరేషనట. ఆపరేషన్ గదిలో మత్తొచ్చేదాకా తన చెయ్యి వదలొద్దనీ, తను భయపడిందని కొడుకులకి తెలియనివ్వొద్దనీ అడిగిందట.