ఆ పేజీ ఆ పిల్లే రాసింది

కోరుట్లలో నేను పదేళ్లు పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి కరస్పాండెంటు మొన్న ఫోన్ చేశాడు. ఇంగ్లీషు కలిపిరాత పీరియడ్ ఉంచాలా, తీసేయాలా అని తల్లిదండ్రులతో మీటింగ్ పెడుతున్నాడట.

"మీ చేతిరాత పేరు మీదనే మన బడి నడిచింది సార్. ఉంచాలని నాలుగు ముక్కలు రాసి పంపుండ్రి."

సరేనని కూర్చున్నాను. ఇది చెప్పకుండా అవి రాయలేకపోయాను.

అప్పట్లో నాలుగు గీతల కాపీ పుస్తకమే మా బడికి ప్రచారం. తల్లులు ఆ పేజీల ఫొటోలు తీసి దుబాయిలో ఉన్న తండ్రులకు పంపేవారు. అక్షరాలు గొలుసులా కలిసి ఒక పక్కకు వాలితే చాలు, పిల్లలకు ఇంగ్లీషు వచ్చేసినట్టే.

ఆరో తరగతిలో సిరిసిల్ల నుంచి ఒక పిల్ల వచ్చి చేరింది. మగ్గాల పని తగ్గి తండ్రి మస్కట్ పోయాడు. తల్లి బీడీలు చుట్టేది. బడి నుంచి వెళ్లాక ఈ పిల్ల కూర్చుని ఆకు కత్తిరించేది. చేతిరాత పోటీకి అందరినీ ఇంటి దగ్గర ఒక పేజీ రాసుకు రమ్మన్నాను. ఈమె తెచ్చిన పేజీలో ఒక్క అక్షరం గీత దాటలేదు.

"ఎవలతోని రాయించినవ్?"

"నేనే రాసిన సార్."

"గింత మంచిగనా? ఇక్కడ నిలబడి రాయి, సూస్త."

నా బల్ల మీద వంగి రాసింది. అందరూ చూస్తుంటే అక్షరాలు వంకర పోయాయి. రెండు కాగితాలూ పైకెత్తి తరగతికి చూపించాను.

"దాని పేజీ బీడీల సేటు రాసిండు సార్!" అని వెనక బెంచీ నుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు తల్లి వచ్చింది. పాత క్యాలెండర్ కాగితాలు నా ముందు పరిచింది. వాటి వెనకంతా అదే పేరా, మళ్లీ మళ్లీ. మొదటి కాగితం మీద కోడి కెలికినట్టుంది. చివరికి వచ్చేసరికి ఆ పిల్ల తెచ్చిన పేజీయే.

"నా బిడ్డ దొంగది గాదు సారూ. గా నవ్విన పోరగాండ్లకు గీ ఒక్క మాట చెప్పుండ్రి, సాలు."

"చెప్త, పంపు" అన్నాను. చెప్పలేదు. నా మాట తప్పని తరగతిలో ఒప్పుకోవడం నాకు నామోషీ. ఆ పిల్ల వారం రోజులు వచ్చింది. నా పీరియడ్ మొదలైనప్పుడల్లా తలెత్తి చూసేది. తర్వాత రాలేదు. ఎవరడిగినా, చదువు అబ్బక సిరిసిల్ల వెళ్లిపోయిందని చెప్పాను.

పోయిన నెల జగిత్యాలలో రక్తపరీక్షకు వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి నన్ను చూసి "మీరు కోరుట్ల సారు గదా" అంది. నా పేరు చీటీ మీద పెద్ద అక్షరాల్లో, దేనికది విడిగా రాసింది.

"కలిపి రాయవా బిడ్డా?"

"అప్పుడే బందు వెట్టిన సార్."

ఆ పిల్లేనని అప్పుడు గుర్తుపట్టాను. చుట్టూ జనం ఉన్నారు. అయినా అన్నాను. "ఆ పేజీ నువ్వే రాసినవ్. నాకు అప్పుడే ఎరికైంది."

"నేను రాసిన్నని నాకు తెల్వదా సార్? మీరు చెప్పాల్సింది నాకు గాదు." చీటీ నా వైపు జరిపి, నా వెనకున్న ముసలాయనను పిలిచింది.

నన్నడిగితే ఆ పీరియడ్ తీసేయడమే మంచిది. రాతను చూసి పిల్లలను నమ్మడం, నమ్మకపోవడం నేను ఆ పీరియడ్‌లోనే అలవాటు చేసుకున్నాను. ఆ రోజు నవ్వినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఆ బడిలోనే టీచర్లు. ఇది మీటింగ్‌లో చదవమని కరస్పాండెంటుకు పంపాను.

"గిదంత ఇప్పుడెందుకు సార్?" అన్నాడు.

నేనే వచ్చి చదువుతానన్నాను. ఇంకా పిలవలేదు.