పూడ్చిన చెరువు మీద చాచిన చెయ్యి

మా అక్క భర్త, మా బావగారు, ఇక లేరు. ఏలూరులో ఉదయపు ప్రార్థన కూడికలో నేను గొంతు చించుకుని వాక్యం చెబుతుండగా ఫోన్ వచ్చింది. ముదినేపల్లి అవతల కడుతున్న చేపల మేత గోడౌన్ దగ్గర బండి పక్కకు ఒరిగిపోయిందట, ఆయన దాని కింద పడ్డారట. ‘ప్రభువు పిలుచుకున్నాడు’ అని ఈ నివాళిలో రాయమన్నారు కొందరు. రాయను. మనం చేసిన పనిని ప్రభువు మీదకు నెట్టను.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. లేఖనాన్ని కూడబలుక్కుని చదువుకునే రోజుల్లో తాడేపల్లిగూడెంలో వాళ్ల అరుగు మీద ఎదురుగా కూర్చుని విన్నది ఆయనే. తప్పు చదివినా నవ్వేవారు కాదు. నేను బోధకుణ్ణయ్యాక మాత్రం ‘అయ్యగారూ’ అంటూ ఏడిపించేవారు.

బరువులెత్తే బళ్లు నడపడం ఆయన పని. కొత్త సైటుకు వెళితే ముందు బండెక్కేవారు కాదు. గునపం పట్టుకుని, బండి తిరగబోయే దారంతా పొడుచుకుంటూ నడిచేవారు. కొల్లేరు పక్క చేపల చెరువులు పూడ్చి గోడౌన్లు కడుతున్నారు గదా, ఆ నేలంటే ఆయనకు మరీ అనుమానం. “పైన కాలిన అట్టు, లోపల పిండే అయ్యగారూ!” అనేవారు.

ఈ గోడౌన్ అలాంటి చెరువు మీదే లేస్తోంది. యజమాని మా సంఘస్థుడే. బరువులెత్తడానికి అతని ముందు రెండు రకాల బళ్లున్నాయి. ఒకటి గతుకుల నేల మీద తిరిగే పెద్ద చక్రాల ఫోర్క్‌లిఫ్ట్. బరువును దగ్గరగా పెట్టుకుని నిలువుగా లేపుతుంది, ఎక్కువ ఎత్తుకు అందదు. రెండోది టెలీహ్యాండ్లర్. పొడవాటి చెయ్యి చాచి కప్పు మీదకే అందిస్తుంది. యజమాని రెండోదాన్నే తెప్పించాడు.

“వట్లూరులో అయితే నేనే అడిగి తెప్పించుకుందునండీ, అక్కడ నేల గట్టిది,” అన్నారు బావగారు. “నిండు బిందె చంకనుంటే బిందె బరువే. అదే చెయ్యి చాపి పట్టుకోండి, మీరే ముందుకు తూలతారు. ఇక్కడ ఫోర్క్‌లిఫ్ట్‌తో గోడ దాకా మోద్దాం, పైకి చైన్లతో లాగుదామండీ.”

“పని వారం వెనకబడుతుందయ్యా!”

“పడుతుందండీ. అందరం ఉంటాం గదండీ.”

యజమాని నన్ను పట్టుకున్నాడు. “మీ బావగారు మీ మాటైతే వింటారండీ.” ఆ పొగడ్తకు పొంగిపోయి వెళ్లాను. గ్రంథం చేతిలో ఉండనే ఉంది. యజమానులకు లోబడమన్న చోటు తీసి గట్టిగా చదివాను. ఇసుక మీద ఇల్లు కట్టినవాడి ఉపమానం కూడా అందులోనే ఉంది. దాని మీద ఎన్నిసార్లు బల్ల గుద్దానో! ఆ రోజు ఆ పుట తిప్పలేదు.

బావగారు ఎప్పటిలాగే చివరిదాకా విన్నారు. “మీరు చదివాక నేనేమంటానండీ? కానీ అయ్యగారూ, నేలకు చదువు రాదు గదండీ,” అని లేచి వెళ్లారు. మూడో రోజు కప్పు రేకుల కట్ట పైకి అందిస్తుంటే బండి ముందు నేలకు ఆనించే ఇనుప కాళ్లలో ఒకటి అడుసులోకి దిగబడింది.

సమాధి చేశాక జరిగిన ఆదరణ కూడికలో యజమాని లేచి, “ఆపరేటర్ కాస్త తొందరపడ్డాడండీ,” అన్నాడు. ప్రభువును సిలువకు అప్పగిస్తూ, జనం ముందు నీళ్లు తెప్పించుకుని చేతులు కడుక్కున్న అధిపతి నాకు కళ్లముందు కనబడ్డాడు. ఆ నీళ్లు మోసినవాణ్ణి నేనే.

“తొందర మీదండీ,” అన్నాను. “ఆయన నోరు నొక్కింది నేను. ఆయన మీద ఏ తప్పూ వెయ్యకండి.”

మా అక్క తల ఎత్తకుండానే అంది: “ఈ మాట ఆయన ఉండగా అనాల్సింది తమ్ముడూ.”

మర్నాడు ఒక్కణ్ణే ఆ చోటికి వెళ్లాను. బండి తీసుకుపోయారు. అది దిగబడిన గుంతలో ఊట నీరు మోకాలి లోతున నిలిచింది. ఒడ్డున ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి, కదలకుండా, ఆ నీళ్లలోకే చూస్తోంది.