దోయున్ కొట్టిన ఒకే ఒక గోల్

అమెరికాలోని క్యారీలో తెలుగు క్రైస్తవ సంఘానికి సొంత మందిరం లేదు. కొరియన్ల చర్చిలో వాళ్ళ ఆరాధన, భోజనాలు అయ్యాక, ఒంటిగంటన్నరకు వీళ్ళ ఆరాధన మొదలవుతుంది. తాళం చెవి రూతు దగ్గరుంటుంది. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం ఆమె ముందుగా వచ్చి వంటగదిలో పులిహోర గిన్నె దించబోతే, సింకు దగ్గర ఆరడుగుల కొరియన్ మనిషి మోచేతుల దాకా నురగతో పళ్ళేలు కడుగుతున్నాడు. కనుబొమ్మ మీద మూడు కుట్ల మచ్చ.

"ఏం చేస్తుంటావు బాబూ?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

"ఫుట్‌బాల్ ఆడతాను, ఆంటీ." తెలుగు పిల్లలు పిలవడం విని ఆ మాట పట్టేసుకున్నాడు.

"ఎన్ని గోల్స్ కొట్టావు?"

అతను పళ్ళెం పక్కన పెట్టి, చేయి తుడుచుకుని, చూపుడువేలూ బొటనవేలూ కలిపి సున్నా చూపించాడు.

పేరు దోయున్. అతని కథంతా ఆ వంటగదిలోనే, వారానికి కాస్త చొప్పున రూతుకు తెలిసింది. ఊరు పోహాంగ్. తండ్రికి చేపల బజారులో కొట్టు. ఎనిమిదో ఏట స్కూలు జట్టులో పడ్డాడు. పొడుగ్గా ఉన్నాడని వెనక నిలబెట్టారు, ఇక ముందుకు రానివ్వలేదు. కొరియాలో రెండో డివిజన్, మధ్యలో తప్పనిసరి సైనిక సేవ, తర్వాత థాయిలాండ్‌లో రెండేళ్ళు, అక్కణ్ణుంచి ఈ ఊరి క్లబ్బు. నాలుగు వందల మ్యాచ్‌లు ఆడాడు. ప్రతి మ్యాచ్ తర్వాతా తండ్రి ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడుగుతాడు.

"కొట్టావా?"

"లేదు నాన్నా, వాళ్ళని కొట్టకుండా ఆపాను."

ఈ అక్టోబరుతో ముప్పై అయిదేళ్ళ దోయున్ ఆట ముగించేస్తున్నాడు. శనివారం సాయంత్రం ఆఖరి మ్యాచ్. దానికి ముందరి ఆదివారం, విన్నపాలు చెప్పే వేళకు రూతు లేచి నిలబడింది.

"దోయున్ గోల్ కొడుతున్నాడు. వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక. బిర్యానీ మాది."

ఆమె భర్త జయరాజు సంఘ పెద్ద, సండేస్కూల్ టీచరు. కారెక్కేదాకా ఓపికపట్టాడు.

"కొట్టకపోతే?"

"కొడతాడండీ."

"నాలుగొందల మ్యాచుల్లో కొట్టనివాడు..."

"అందుకే, ఇంక మిగిలింది ఈ ఒక్కటే కదా!"

"కొట్టకపోతే ఆ బిర్యానీ ఏ మొహం పెట్టుకుని వడ్డిస్తావు రూతూ?"

రూతు సీటుబెల్టు పెట్టుకుంది. ఆ సంగతి ఆమె ఆలోచించలేదు. ఇక ఆ వారమంతా అది తప్ప ఇంకేమీ ఆలోచించలేదు.

శనివారం నలభైమంది తెలుగువాళ్ళు గోలు వెనక వరసల్లో కూర్చున్నారు. స్టీలు డబ్బాల్లో గారెలు. రూతుకు కూతురు జోసఫిన్ ఆటంతా వివరిస్తోంది. తలతో కొట్టినా గోలే అని ఆ రోజే తెలిసి రూతు పొంగిపోయింది. "ఆ తల అందరికంటే ఎత్తునుందిగా!"

ఎనభై ఆరో నిమిషం. రెండు జట్లకూ సున్నాయే. వీళ్ళ ముందున్న గోలు దగ్గరే దోయున్ జట్టుకు కార్నర్ కిక్ దొరికింది. కోచ్ చేయి ఊపాడు. మైదానం ఆ చివరనుంచి దోయున్ పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

రూతు లేచింది. "అందరూ కళ్ళు మూసుకోండి. ప్రార్థన చేద్దాం."

"ఇప్పుడా!" అన్నాడు జయరాజు.

"మరెప్పుడండీ?"

నలభై తలలు వంగాయి. "ప్రభువా, ఆ బంతి ఈ బిడ్డ తలకు తగులును గాక. గట్టిగా తగులును గాక..."

స్టేడియం హోరెత్తింది. కింద బెంచీలు అదిరాయి. అయినా ప్రార్థన మధ్యలో తెంచడం రూతుకు తెలియదు. సంఘాన్ని, కోచ్‌ని, ఎదుటి జట్టువాళ్ళ తల్లిదండ్రుల్ని కూడా దీవించి "ఆమేన్" అని కళ్ళు తెరిచింది. ఎదురుగా ఆటగాళ్ళ గుట్ట. అడుగున రెండు బూట్లు కొట్టుకుంటున్నాయి.

గుట్ట విడిపోగానే దోయున్ సరాసరి కంచె దగ్గరికి పరుగెత్తాడు. "ఆంటీ! చూశారా?"

నలభైమందీ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చూశాననాలని రూతుకు ఉంది. ఆమేన్ అని ఇంకా నిమిషమైనా కాలేదు, అబద్ధమెలా చెబుతుంది?

జయరాజు గొంతు సవరించుకున్నాడు. "నేను చూశాను. ఎడమ చెవి పైన తగిలింది. గోల్‌కీపర్ చేతికింద నుంచి దూరింది."

"డాడీ! కళ్ళు తెరిచారా!" జోసఫిన్ కేక వేసింది. "కళ్ళు తెరిస్తే చాక్లెట్ లేదని నన్ను ఎన్నిసార్లు ఏడిపించారు!"

"కొంచెమే తెరిచానమ్మా."

వెనకవరస నుంచి ఎవరో, "అన్నయ్యగారికి రేపు బిర్యానీ కట్!" అన్నారు. నవ్వులు, గారెలు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోవడాలు. అంత గంభీరమైన సంఘ పెద్ద చెవులదాకా ఎర్రబడి, అయినా ఎడమ చెవి పైభాగం ముట్టుకుని మళ్ళీ మళ్ళీ చూపిస్తున్నాడు.

మ్యాచ్ అయిపోయింది. దోయున్ ఫోన్ పట్టుకుని మళ్ళీ కంచె దగ్గరికి వచ్చాడు. పోహాంగ్‌లో ఆదివారం పొద్దున. తెరమీద రబ్బరు ఏప్రన్ కట్టుకున్న ముసలాయన, వెనక ఐసు మీద చేపలు. ఆయన ఏదో అడిగాడు.

"మీరు చూశారా అంటున్నారు, ఆంటీ."

"లేదని చెప్పు బాబూ. కళ్ళు మూసుకుని నీకోసం ప్రార్థన చేస్తున్నానని చెప్పు."

దోయున్ చెప్పాడు. ముసలాయన ఏప్రన్‌కు చేయి తుడుచుకున్నాడు. తర్వాత ఒక్క మాటన్నాడు. దోయున్ కంచె పట్టుకుని వంగిపోయి, నవ్వు ఆపుకోలేక చెప్పాడు.

"నాన్న కూడా చూడలేదట. లైవ్ పెట్టుకుని, కార్నర్ రాగానే కళ్ళు మూసేసుకున్నారట."

రూతు వెనక్కి తిరిగి భర్త చేయి పట్టి లాక్కొచ్చి ఫోన్ ముందు నిలబెట్టింది.

"చెప్పండి. మొదట్నించీ చెప్పండి."

జయరాజు కళ్ళజోడు సర్దుకుని, ఎడమ చెవి ముట్టుకున్నాడు.