బావ చెవిలో శంఖం

మీరెప్పుడైనా నిజం చెప్పి ఒక మనిషిని చెడగొట్టారా? అబద్ధం చెప్పి కాదు. నిజమే చెప్పి. నేను చెడగొట్టాను. ఏళ్ళ తరబడి ఆ బరువు మోస్తూనే సభల్లో మాట్లాడాను, మూఢనమ్మకాల మీద విరుచుకుపడుతూ వ్యాసాలు రాశాను. అవి చదివి మెచ్చుకున్నవాళ్ళలో మీరూ ఉండవచ్చు. అందుకే మీకు చెబుతున్నాను.

మా అక్క మొగుడు, అంటే మా బావ, తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆయన వయసంతా ఆ మోతలోనే గడిచింది. ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకు చెవిలో ఒక శబ్దం పుట్టింది. ఆగని శబ్దం. బావ దాన్ని పెరుమాళ్ళ శంఖం అనుకున్నాడు. పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని వింటూ కూర్చునేవాడు. ఇరుగుపొరుగు వాళ్ళు వచ్చి ఆయన చెవికి తమ చెవి ఆనించి, ఏమీ వినపడకపోయినా దణ్ణం పెట్టి పోయేవారు. నన్ను చూస్తే బావకు మరీ హుషారు. "రా బామ్మర్దీ, నువ్వూ ఒకతూరి చెవి పెట్టి చూడు. నాస్తికులకి టికెట్ లేదులే!" అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది. మా ఇంట్లోనే ఒక బాబా తయారవుతున్నాడని భయం. నలుగురూ నన్ను చూసి నవ్వుతారన్న భయం కూడానా? అవును, అదీ ఉంది.

బావను చెవి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. పరీక్షలయ్యాక, ఆయనకు వినికిడి తక్కువ కాబట్టి, డాక్టరమ్మ నాకే సంగతంతా చెప్పి, ఇంటికెళ్ళాక నింపాదిగా వివరించమంది. పెద్ద మోతల మధ్య బతికినందువల్ల చెవి లోపల దెబ్బతింది. చెవి నుంచి అందాల్సింది అందక మెదడే ఆ లోటును శబ్దంతో పూరిస్తోంది. ఇది సగం. మిగతా సగం కూడా ఆమె అంతే స్పష్టంగా చెప్పింది. ఈ శబ్దం వల్ల ప్రమాదం లేదు. దీన్ని శత్రువనుకుంటే మనసు దాన్నే కాపలా కాస్తుంది, కాసేకొద్దీ అది పెద్దదవుతుంది. ఈయనకు బెంగ లేదు, నిద్ర బాగుంది, కాబట్టి ఇప్పుడు చేయాల్సిందేమీ లేదు. ఎప్పుడైనా బెంగ పట్టుకుంటే తీసుకురండి, శబ్దాన్ని తీసేయలేం గానీ బెంగను తగ్గించే పద్ధతులున్నాయి. పక్కన రేడియో లాంటి మెల్లటి చప్పుడు ఉంచినా మేలే.

మా హేతువాద సంఘం టి. నగర్‌లో ఒక హాల్లో నెలనెలా సభ పెట్టేది. సభ చివర ఏదో ఒక మహిమను వేదిక మీద బట్టబయలు చేయడం మా ఆనవాయితీ. చేతిలోంచి విభూది రాల్చి చూపించేవాళ్ళం, నిప్పుల మీద నడిచేవాళ్ళం. ఆ నెల నేను బావను పిలిచాను. "నీ శంఖం గురించి మాట్లాడాలి, రా బావా" అన్నాను. ఆయన ఇస్త్రీ పంచె కట్టుకుని, నామం పెట్టుకుని వచ్చాడు. సన్మానం అనుకున్నాడు.

జనం ముందు నిలబెట్టి, ఆయనకు వినపడేలా మైకులో చెప్పాను. "ఇది శంఖం కాదు. చచ్చిపోయిన నరం పెట్టే కూత. దీనికి మందు లేదు. చచ్చేదాకా ఇట్లాగే మోగుతుంది."

చప్పట్లు. బావ చెయ్యి మెల్లగా చెవి మీదికి పోయింది.

రెండో సగం ఎందుకు చెప్పలేదు? మరిచిపోలేదు. "అయితే ఆయన నమ్మకం ఆయనకు మేలే చేస్తోందిగా" అని ఎవరైనా అడుగుతారని తెలుసు. గెలుపు పలచబడుతుంది. అంతే కారణం. ఇంతకంటే గౌరవమైన కారణం కోసం ఇన్నేళ్ళు వెతికాను, దొరకలేదు.

శబ్దం అదే. కానీ బావ మారిపోయాడు. వాకిట్లో కూర్చోవడం మానేశాడు. తన చెవిలో ఏదో చచ్చి పడి ఉందని అనేవాడు. నిద్ర పోయింది. అన్నం మీద ధ్యాస పోయింది. అక్క పిండి రుబ్బేటప్పుడు మాత్రం ఆయన గోడకు ఆనుకుని కాస్త కునుకు తీసేవాడు. అది చూసి అక్క బియ్యం నానబెట్టని రోజుల్లో కూడా గ్రైండరులో ఉత్త నీళ్ళు పోసి తిప్పేది. ఒకరోజు ఆ గ్రైండరు పక్కనే నిలబడి నన్ను అడిగింది.

"రేయ్ అబ్బయ్యా, ఆ పొద్దు డాక్టరమ్మ ఇంకేమన్నా చెప్పిందా? దీనికి ఏదన్నా దోవ ఉందని?"

"ఏమీ చెప్పలేదక్కా."

"బాగా గుర్తు తెచ్చుకో రా. ఆడ సభలో గంటలు గంటలు కాయితం చూడకుండా మాట్లాడతావే!"

"దోవ ఉంటే చెప్పనా అక్కా?"

వేదిక మీద చేసింది పొగరు. ఇది నేరం. రేడియో పెట్టమని ఒక్క మాట అని ఉంటే చాలేది. ఆ మాట అంటే, ఇన్నాళ్ళూ ఎందుకు దాచావని అక్క అడుగుతుంది. అందుకని ఉత్త గ్రైండరు తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

నేనిప్పుడూ అది శంఖమని ఒప్పుకోను. బావకు నిజం చెప్పకూడదనీ అనను. కానీ భయాన్ని బట్టే బాధ పెరుగుతుందన్నది కూడా అదే శాస్త్రం చెప్పిన మాట. నా పక్షాన నిలిచే ముక్క కోసుకుని, ఒక మనిషి పక్షాన నిలిచే ముక్కను జేబులో వేసుకున్నవాణ్ణి హేతువాది అనొచ్చా? పూజారికీ నాకూ తేడా ఏమిటి?

పోయిన వారం తిరువొత్తియూరు వెళ్ళి ఇద్దరినీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. బావకు వినపడాలని అరిచి చెప్పాల్సి వచ్చింది. ఆ మాటలు అరిచి చెప్పడం ఎంత సిగ్గో అప్పుడు తెలిసింది. ఆయన నా నోటి వైపే చూస్తూ విన్నాడు. "అయితే అది నన్నేమీ చేయదా?" అని మాత్రం అడిగాడు. చేయదన్నాను. నమ్మాడో లేదో తెలియదు. ఇన్నేళ్ళ కాపలా ఒక్క మాటతో దిగదు. మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్తానన్నాను. అక్క, తనే తీసుకెళ్తానంది. నేను వెళ్ళిన ప్రతిసారీ అడక్కుండా కాఫీ ఇచ్చే అక్క ఆ రోజు ఇవ్వలేదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. చెప్పాను కాబట్టి ఊపిరి ఆడుతోంది, అంతే. కానీ మీ ఇంట్లోనూ చెవిలో మోత అంటూ ఒక మనిషి ఉండే ఉంటారు. ఈ కాగితం పక్కన పెట్టి ఇప్పుడే వెళ్ళండి. ఆ మోత ఎలా ఉందో తర్వాత, దానికి భయపడుతున్నారా అని ముందు అడగండి. డాక్టరు దగ్గరకు తోడు వెళ్ళండి. అక్కడ విన్నది మొత్తం చెప్పండి.