చిన్నాయన తలనీలాలు

పురట్టాసి నెల, మంగళవారం. పొద్దున అయిన పనులు: ఇడ్లీకి పిండి రుబ్బడం, బట్టలు ఉతకడం, మేడ మీద నీళ్లతొట్టి కడగడం. సగంలో ఆగిన పని: టమోటా తొక్కు. అది పొయ్యి మీద ఉండగానే పిన్నమ్మ ఫోను చేసింది.

"మీ చిన్నాయన పోయినాడమ్మా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే."

గొంతులో ఏడుపు లేదు. "రేపు సంతకం రోజు. వాళ్లకు ఎవురు చెప్పాల?" అని అడిగింది.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. తమిళనాడులో, పాలకోడు దగ్గర మా పుట్టింటి ఊళ్లో టమోటా, రాగి పండించేవాడు. మా ఇళ్లల్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం, రాయడం చాలామందికి రాదు. బడి అంతా తమిళం. ఆయనకు మాత్రం వాళ్ల తాత నేర్పిన తెలుగు అక్షరాలు వచ్చు. నా చిన్నప్పుడు మార్కెట్టుకు పోయే టమోటా పెట్టెల మీద బొగ్గుతో దిద్దించి నాకూ నేర్పాడు. పెట్టెలు బండెక్కి వెళ్లిపోయేవి, మర్నాడు కొత్త పెట్టెల మీద మళ్లీ మొదటి నుంచి. "మన మాట మనమన్నా చదవాల. ఇంకెవురు చదువుతారు?" అనేవాడు. నేను ఇంటి లెక్కలు రాసుకునేదీ, ఇప్పుడు మీకు ఇది రాస్తున్నదీ ఆ బొగ్గు అక్షరాలతోనే.

కొన్నేళ్ల కిందట తుంబలహళ్లి ఆనకట్ట నుంచి మా పొలాల వైపు నీళ్లు రావడం ఆగిపోయింది. చిన్నాయన సోమవారం సోమవారం నేనుండే ధర్మపురికి వచ్చి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చేవాడు. అది చాలదన్నట్టు తిరుపతి వెంకన్నకు మొక్కుకున్నాడు కూడా, నీళ్లు వస్తే తలనీలాలు ఇస్తానని. నీళ్లు వచ్చాయి. అర్జీకి వచ్చాయా, మొక్కుకు వచ్చాయా అని ఇంట్లో తగువు. ఆయన ఫోను చేసి నాతో అన్నాడు:

"ఇద్దరికీ దండం పెట్టుకుంటే పోతుందిలేమ్మా. శనివారం కొండకు పోతా. సోమవారం కలెక్టరాఫీసుకు గుండుతోనే వస్తా. అందరూ అదిరిపోవాల."

"చందనం పూసుకొని రా చిన్నాయనా. దూరం నుంచే కనపడుతుంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇది చదివే మీకు ఇందులో తప్పేమీ కనపడదు. తమిళంలో గుండు అంటే బాంబు. గొరిగించుకున్న తలను వాళ్లు మొట్టై అంటారు.

అప్పటికే ఆ చట్టం వచ్చింది. ఫోన్లు విని, ఎవరి వల్ల ముప్పు రావచ్చో ముందే అంచనా కట్టి, పేరు ఎక్కించి, కనిపెట్టి ఉండే చట్టం. నేరం జరగనక్కర లేదు, జరగవచ్చని లెక్క తేలితే చాలు. ఆ లెక్క ఎలా కట్టారో ఆ మనిషికి చెప్పరు. నేను రోజూ లెక్క రాసే మనిషిని. పద్దులు దాచిపెట్టి మొత్తం మాత్రం చూపించే లెక్కను నేను ఇంకెక్కడా చూడలేదు.

శనివారం పొద్దున్నే ఆయన బస్సు కోసం నిలబడి ఉంటే జీపు వచ్చి స్టేషనుకు తీసుకుపోయింది. అక్కడి సంగతి తర్వాత మా పెరటి మెట్టు మీద కూర్చుని ఆయనే చెప్పాడు.

"గుండు యాడుంది అని అడిగినాడమ్మా ఇన్‌స్పెక్టరు. నాకు ఏం చెప్పాల్నో తెలీలే. నెత్తి తడుముకొని, 'గుండు ఇన్నుం పోడలే సార్' అన్నా."

ఆయన చెప్పదలచుకున్నది, ఇంకా గుండు చేయించుకోలేదు అని. కంగారులో ఇంటి మాటనూ ఊరి మాటనూ కలిపేశాడు. తమిళంలో మొట్టై 'పోడతారు', బాంబూ 'పోడతారు'. కాబట్టి ఇన్‌స్పెక్టరుకు వినపడింది, బాంబు ఇంకా వేయలేదు అని. చూపిద్దామంటే ఆ రోజు ఆయన తల నిండా జుట్టు ఉంది.

చివరికి మా ఇళ్లల్లోలాగే తెలుగు మాట్లాడే కానిస్టేబుల్ ఒకడు వచ్చి విషయం విప్పి చెప్పాడట. అందరూ నవ్వారట. "టీ తెప్పించినారు. బన్ను కూడా" అన్నాడు చిన్నాయన, అంతటితో తీరిపోయిందన్నట్టు. కానీ ఇంటికి పంపే ముందు ఇన్‌స్పెక్టరు ఒక మాట చెప్పాడు. పొరపాటేనని తనకు తెలుసు. అయితే ఆ అంచనా పైన కట్టింది, ఎక్కించడానికే దారి ఉంది గాని దించడానికి లేదు. కాబట్టి బుధవారం బుధవారం వచ్చి సంతకం పెట్టాలి. అనుమతి లేకుండా జిల్లా దాటకూడదు.

తిరుపతి జిల్లా దాటాలి, రాష్ట్రమే దాటాలి.

ఆయన అనుమతి అడిగాడు. గుండు అన్న మాట రాకుండా, తమిళంలో, గుడికి అని రాయించాడు. జవాబు రాలేదు. ప్రతి ఏడూ పురట్టాసి రాగానే, వెంకన్నకు మొక్కులు తీర్చే నెల గనక, మళ్లీ అడిగేవాడు. ఒక లాయరు దగ్గరికి నేనే వెంట వెళ్లాను. ఏ కారణంతో పేరు ఎక్కించారో చెప్పమని అడగవచ్చట. చెప్పకపోతే ఎందుకు చెప్పలేదో కూడా చెప్పనక్కర లేదని ఆ చట్టంలోనే ఉందట. ఆ లాయరు మంచివాడు, ఫీజు తీసుకోలేదు. బయటికి వచ్చాక చిన్నాయన, "పోనీలేమ్మా, మన మాట చదివేవాళ్లు ఇన్నాళ్లకు దొరికినారు" అన్నాడు. ఆ మాటకు నవ్వాలో వద్దో నాకు తెలియలేదు.

మొక్కుకున్న జుట్టుకు మధ్యలో కత్తెర పెట్టకూడదు. అది పెరిగింది, మెడ దాటింది, భుజాలు దాటింది. పిన్నమ్మ నూనె రాసి ముడి వేసేది. "నాకు ఆడపిల్ల లేని కొరత తీరింది" అని దెప్పేది. టమోటా మార్కెట్టులో ఆయనకు 'సామియారు', అంటే సన్యాసి, అని పేరు పడింది. ఎవరైనా దండం పెడితే, "ఆశీర్వాదం ఊరికే రాదప్పా, పెట్టెకు నాలుగు రూపాయలు ఎక్కువెయ్యి" అనేవాడు. స్టేషనులో మాత్రం ఏడాదికోసారి కొత్త ఫోటో తీసేవారు. వేషం మారింది అని రాసుకున్నారని ఆ కానిస్టేబులే మెల్లగా చెప్పాడు. వాళ్ల వల్ల పెరిగిన జుట్టు వాళ్ల లెక్కలోనే కలిసింది.

బుధవారాలు సంతకం పెట్టి మా ఇంటికి వచ్చేవాడు. వీధి తలుపు వైపు రాడు, సందులోంచి పెరటికి వచ్చి మెట్టు మీద కూర్చునేవాడు. నా ఇంటికి వచ్చినట్టు ఎవరైనా రాసుకుంటారేమోనని ఆయన భయం. మెత్తబడిన టమోటాలు ఒక సంచిలో తెచ్చేవాడు, తొక్కుకు అవే మంచివని. చెంబుడు నీళ్లు ఎత్తి తాగేవాడు. ఉన్నంతసేపూ తెలుగులోనే మాట్లాడేవాడు గాని, గొంతు తగ్గించి. ఫోనులో అయితే ఆ మొదటి ఏడాది తర్వాత నాతో తెలుగు మాట్లాడలేదు. "తమిళమే మాట్లాడుకుందాంలేమ్మా. వాళ్లకూ సులువు" అన్నాడు. నాకు అక్షరాలు దిద్దించిన మనిషి.

చివరిసారి వచ్చినప్పుడు నీళ్లు తాగి చెంబు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. "స్వామికి బాకీ పడి పోతానేమోమ్మా. ఆయన నీళ్లిచ్చినాడు. నేనే ఇయ్యలే" అన్నాడు. ఇస్తావులే చిన్నాయనా అన్నాను. ఇవ్వలేడని ఇద్దరికీ తెలుసు.

కొడుకులు దూరం నుంచి రావాలి గనక బుధవారం దాకా ఉంచాం. స్నానం చేయించాక ఆ తెల్లటి జుట్టును ముడి వేయాలా, విడిచిపెట్టాలా అని ఆడవాళ్లకు తోచలేదు. పిన్నమ్మ విడిచిపెట్టమంది. పాడె అంచు దాటి కిందికి వేలాడింది. కర్మ చేసే కొడుకుల తలలు గొరగడానికి మంగలి వచ్చాడు. "మొట్టైకి నీళ్లు తెండి" అన్నారు ఎవరో. ఆ ఇంట్లో ఇప్పుడు అందరూ ఆ మాటే అంటారు.

ఆ కానిస్టేబుల్ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. టోపీ తీశాడు. తర్వాత ఫోను తీసి, తప్పదన్నట్టు పిన్నమ్మ వైపు చూసి, చిన్నాయన ముఖాన్ని ఫోటో తీసుకున్నాడు.

"ఇప్పుడన్నా పేరు తీసేస్తారా అప్పా?" అని పిన్నమ్మ అడిగింది.

"పోయినాడని రాసుకుంటారమ్మా" అన్నాడతను. "తీసేది ఉండదు."

తండ్రి పోయిన కొడుకులు ఏడాది దాకా కొండెక్కకూడదు. పెళ్లయి ఇంటిపేరు మారిన నాకు మైల మూడు రోజులే. అది తీరాక, చిన్నాయన మొక్కు నేను తీరుస్తానని మా ఆయనతో చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చేయి ఆపాడు.

"ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇస్తే చాలు కదే."

"చిన్నాయన మొక్కింది మూడు కత్తెర్లు కాదు."

ఆయన లేచి, బల్ల మీదున్న ఫోనును ఎడమచేత్తో తీసుకుపోయి లోపలి గదిలో పెట్టి వచ్చాడు. "సరే, పోదాం" అన్నాడు.

కొండ మీద కల్యాణకట్టలో ఆ మాటను అందరూ గట్టిగా అరుస్తున్నారు. గుండుకు ఇటు, కత్తెరకు అటు. తల గొరిగే ఆవిడ నన్ను కూర్చోబెట్టి, "గుండేనా అమ్మా?" అంది. నేను ముందు వెనక్కి తిరిగి చూశాను. తర్వాత తల ఊపాను. "వంచండి" అంది ఆవిడ. తడి జుట్టు ఒళ్లో పడుతుంటే చిన్నాయన పేరు మనసులో చెప్పుకున్నాను. దానివల్ల ఏదీ మారదు. నా పేరు కూడా ఎక్కడన్నా ఎక్కిందేమో తెలుసుకునే దారి లేదు. ఆ రోజు ఫోనుకు ఇటు పక్క నవ్వింది నేనే కదా.

తిరుగు బస్సు కృష్ణగిరి దాటుతుండగా సేలంలో ఉన్న మా అమ్మాయి ఫోను చేసింది. వాళ్ల నాన్న పంపిన ఫోటో చూసిందట.

"ఏందిమ్మా ఇది, నిజంగానే చేయించుకున్నావా? ఏం చేయించుకున్నావు, నీ నోటితో చెప్పు."

కిటికీలోంచి గాలి నెత్తికి చల్లగా తగులుతోంది. అటు పక్క వరసలో ఎవరో నిద్రపోతున్నారు.

"మొట్టై" అన్నాను.

పురట్టాసి, శనివారం. పప్పు నానబెట్టడం లేదు, ఉతుకు లేదు. తిరుమలలో చిన్నాయన తలనీలాలు. చెల్లు.