మూడో అంతస్తులో లిఫ్టెక్కే డ్రిల్లు సార్

పోయిన నెల ఒక పొద్దున కాఫీ కలుపుతుంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. వంగి చదవబోయి, అలవాటుగా ఫోన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చుకున్నాను. మూడో అంతస్తు డ్రిల్లు సార్ నిద్రలోనే పోయారట. ఫోన్‌ను అలా పట్టుకోవడం నాకు నేర్పింది ఆయనే. పొయ్యి ఆపేశాను.

కొత్తగూడలో మా అపార్ట్‌మెంట్ నిండా సాఫ్ట్‌వేర్ వాళ్లమే. సార్ మాత్రం సర్కారు బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయించి రిటైరైన మనిషి. రోజూ పొద్దున నడకకని మూడో అంతస్తులో లిఫ్టెక్కేవారు. అప్పటికే మేమంతా తలలు వంచి ఫోన్లలో మునిగి ఉండేవాళ్లం. "జర తలలు లేపుండ్రి. అద్దం ఎందుకు పెట్టిండ్రు మరి?" అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఆఫీసులో మేనేజర్ చాలడా, లిఫ్టులో కూడా ఒకరా అనుకునేదాన్ని.

ఆ రోజుల్లో నా మెడనొప్పి భుజంలోంచి వేళ్ల దాకా పాకింది. అప్పుడే నడక నేర్చిన మా పాప "ఎత్తుకో" అని చేతులు చాస్తే ఎత్తుకోలేక, పక్కన కూర్చోబెట్టుకుని మాటల్లో పెట్టేదాన్ని. ఒకరోజు లిఫ్టులో అది నన్ను దాటుకుని వాళ్ల నాన్న వైపు చేతులు చాచింది. నన్ను అడగడమే మానేసింది. నా కళ్లలో నీళ్లు అద్దంలో సార్ చూశారు.

"ముందుగాల దవాఖానల చూపించుకో బిడ్డా. అటెంక నా కాడికి రా," అన్నారు.

డాక్టరు కూర్చునే తీరు మార్చమన్నారు. తీరు మార్చడం కంటే కుర్చీ మార్చడం తేలికని ఖరీదైనది కొన్నాను. ఆ మాట విని సార్ మా ఇంటికి చూడ్డానికి వచ్చేసరికి అందులో బాసింపట్టు వేసుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఉన్నాను.

"కుర్చీ మంచిగనే ఉంది. నువ్వే బంతిల అన్నానికి కూసున్నట్టున్నవ్," అని పడీపడీ నవ్వారు.

"చిన్నప్పటి అలవాటు సార్, పోవట్లేదండీ."

"ఫికర్ జెయ్యకు. ఇంకో అలవాటు చేస్కుందాం."

మా ఇడ్లీ కుక్కర్‌ను బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టించారు. విడిగా కీబోర్డు తెప్పించుకోమన్నారు. నేల అందని నా కాళ్ల కింద పీట వేయించారు. అప్పటినుంచి మా ఇంట్లో ఆదివారం ఇడ్లీ కావాలంటే ముందు లాప్‌టాప్ దిగాలి. బల్ల మీది నీళ్ల సీసాను కూడా ఊరుకోనివ్వలేదు. "గింత పెద్ద సీసా ఏంది? చిన్న గిలాస పెట్టుకో. దూప అయినప్పుడల్లా లేస్తవ్. ఎంత మంచిగ కూసున్నా, కూసునే ఉంటే ఏం ఫాయిదా?"

ఆయన చాదస్తం మీద ఇంట్లోనూ ఫిర్యాదులే. "పెండ్లికి తోల్కపోతే తాళి కట్టెటోని నడుము సక్కగ జేసిండమ్మా!" అని వాళ్లావిడ తల పట్టుకునేవారు. సార్ మాత్రం ఏమాత్రం సిగ్గుపడేవారు కాదు.

నా నొప్పి ఒక్కరోజులో పోలేదు. తగ్గింది, మళ్లీ వచ్చింది, నన్ను విసిగించి విసిగించి నెమ్మదించింది. ఒక సాయంత్రం ఏదో ధ్యాసలో వంగి పాపను ఎత్తేసుకున్నాను. ఎత్తుకున్నాకగానీ నాకే తెలియలేదు. ఆ సంతోషంలో అలాగే మూడో అంతస్తుకు పరిగెత్తాను.

సార్ శభాష్ అనలేదు. "మోకాళ్లు వంచి ఎత్తినవా, నడుము వంచి ఎత్తినవా?" అని అడిగారు. దింపించి, మళ్లీ సరిగ్గా ఎత్తించారు. అదేదో ఆట అనుకుని పాప ఒకటే నవ్వు. అప్పుడు చూశాను, సార్ కళ్లు కూడా తడిగా ఉన్నాయి. ఆయనకు నేను ఎంత రుణపడి ఉన్నానో ఆ పూటే చెప్పి ఉంటే బాగుండేది.

నిన్న పొద్దున బడికి బయల్దేరిన పాపను రెండు చేతులా ఎత్తుకుని లిఫ్టెక్కాను. చుట్టూ అందరివీ మళ్లీ వంగిన తలలే. మూడో అంతస్తులో లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంటే సార్ వాళ్లావిడ ఉన్నారు, నడకకని కాళ్లకు కొత్త బూట్లతో. ఒక్కొక్క ఫోనే కిందికి దిగింది, ఒక్కొక్క తలే పైకి లేచింది. ఆమె లోపలికి వచ్చి, అద్దంలో మమ్మల్నందరినీ కాసేపు చూశారు. తర్వాత కొంగు సర్దుకుని, తన భుజాలు మెల్లగా వెనక్కి తీసుకున్నారు.