ఎనిమిది పేర్ల కాగితం

మొన్న రేపల్లెలో రైలు దిగి నడుస్తుంటే, ఒక షెడ్డు ముందు పడవ ఇంజను భాగాలను కిరోసిన్‌లో కడుగుతున్నారు. ఆ వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. విమానాల్లో పోసే ఇంధనమూ దాదాపు అదే వాసన వేస్తుంది. ఆ వాసనలో పదకొండేళ్ళు బతికాను, సామ్యూలు గారి పక్కన.

ఆయనది బాపట్ల, నాది తెనాలి. నష్టాల్లో మునిగిన ఒక విమాన సంస్థలో ఇద్దరం మెకానిక్‌లం. ఆయన మా యూనియన్ కార్యదర్శి కూడా. సమావేశాన్ని ఆయన తమ చర్చి ప్రార్థన కూడికలాగే నడిపేవారు. చేతులెత్తే ముందు ఒక్కొక్కరూ లేచి తన ఇంటి పరిస్థితి ఉన్నదున్నట్టు చెప్పాలి. "ముందు సాక్ష్యం, తర్వాతే ఓటు" అనేవారు. మేము చాటుగా నవ్వుకునేవాళ్ళం. కానీ పక్కవాడి కష్టం విన్నాక ఎవరి చెయ్యీ ఊరికే లేచేది కాదు.

జీతంలో మూడోవంతు వదులుకోమని యాజమాన్యం అడిగిన వారం, ఆయన నన్ను మా విమానాల షెడ్డు వెనక్కి తీసుకెళ్ళి ఒక కాగితం చూపించారు. జీతాల కోతకు మేము ఒప్పుకోకపోతే తీసేయబోయే ఎనిమిది మంది పేర్లు. మూడోది నాది. అప్పటికి మా పాపకు పది నెలలు.

"మిగతా ఏడుగురికీ చూపించా. మీటింగులో మీ పేర్లు నేను చదవనయ్యా. ఎవరిది వాళ్ళే లేచి చెప్పుకోవాలి" అన్నారు.

"ఎనిమిది మందే కదా, పోతే పోనీ అని మిగతావాళ్ళంటే ఏంటండి మా గతి?"

"నాకూ అదే భయం" అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

సమావేశంలో కోతకు ఒప్పుకుందామని ఆయన అనగానే హాలు భగ్గుమంది. యాజమాన్యానికి అమ్ముడుపోయాడన్నారు. ఒప్పుకోకపోతే మనలో కొందరి ఉద్యోగాలు పోతాయని ఆయనంటే, ఆ కొందరెవరో చెప్పమని నిలదీశారు. ఆయన మా పేర్లు చెప్పలేదు. నా వంతు వచ్చింది. లేచాను. "నేను చెప్పాల్సిందేం లేదండి" అని కూర్చున్నాను. మిగతా ఏడుగురూ అంతే. నాలుగు చేతుల తేడాతో కోత నెగ్గింది, మా ఉద్యోగాలు నిలిచాయి. నెల తిరగకుండానే ఆయన్ను పదవి నుంచి దించేశారు. ఆ రోజు అందరితో పాటు నేనూ చెయ్యెత్తాను. ఎత్తకపోతే నన్ను అనుమానిస్తారని భయం. అంతకంటే సిగ్గుమాలిన పని నేను మళ్ళీ చేయలేదు.

పోయినేడు బాపట్లలో ఆయన సమాధి కార్యక్రమం అయ్యాక, వాళ్ళావిడ దగ్గర ఇదంతా కక్కేశాను. ఆవిడ కోప్పడలేదు.

"మీరు భయపడ్డారని ఆయనకి తెలుసు బాబూ. తెలియాల్సింది ఆయన్ని తిట్టినవాళ్ళకి" అన్నారు.

వాళ్ళలో చాలామంది నాతో ఇప్పటికీ ఫోన్లో మాట్లాడతారు. ఆయన పేరు వస్తే "అమ్ముడుపోయాడు" అనే అంటారు, నేను ఊఁ కొడతాను. ఈ నాలుగు ముక్కలూ వాళ్ళు చదవాలనే రాశాను. చదివాక ఎవరూ ఫోన్ చేయకపోవచ్చు. ఆ కాగితంలో మూడో పేరు నాది.